పడుగు చాచిన వీధి

మొన్న ఒక పెళ్ళి వంటల దగ్గర అన్నం వార్చిన గంజి గుండిగలో మిగిలిపోయి, ఎండకి కాస్త పులిసింది. పక్కనే ఎవరో వేరుశనగ నూనె డబ్బా వంచారు. ఆ రెండు వాసనలూ కలిసేసరికి చీరాల చుట్టుపక్కల చేనేత వీధులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పేరాల, జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం వైపు పెరిగిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున వీధి వీధంతా అదే వాసన. గంజి పట్టించిన పడుగు, అంటే బట్టకి నిలువు పోగుల వరస, ఆరే వాసన.

ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు గానీ అప్పటికి అది ప్రకాశం జిల్లా.

చేనేత కష్టాల గురించి రాసేవాళ్ళు ఒకరికొకరు తోడుగా ఉండేవాళ్ళనీ, మంచి మనుషులనీ రాస్తారు. మనుషులు మంచివాళ్ళే, కాదనను. కానీ తోడు వెనక మంచితనం కన్నా ముందు పని ఉంది. మగ్గం మీద కూర్చున్నాక నేతగాడు ఒంటరివాడే. మగ్గం దాకా పడుగు రావాలంటే మాత్రం వీధిలో సగంమంది కావాలి. పక్కింటివాళ్ళతో మాటలు మానేస్తే నెల తిరక్కముందే మన మగ్గం ఆగిపోతుంది. పోట్లాటలు ఉండేవి, బాగానే ఉండేవి, కానీ పడుగు రోజుకి సద్దుమణిగేవి.

*

ఎనిమిది చీరల పడుగంటే సుమారు యాభై గజాలు. ఆ పొడవున వీధిలో చాచాలంటే ఎనిమిది, తొమ్మిది ఇళ్ళ వాకిళ్ళు కావాలి. ముందురోజు సాయంత్రమే ఆ ఇళ్ళన్నిటికీ కబురు వెళ్ళేది.

"ఒదినా, రేపు మా పడుగు. అన్నయ్యని కుంచె పట్టడానికి పంపు. మీ దూడని కాస్త దొడ్లో కట్టేయండి."

"పంపుతాలే. ఎల్లుండి మాది. మరిచిపోయేరు."

దీన్నే బదులు అనేవాళ్ళు. డబ్బు మాటే లేదు. ఎవరింటికి ఎన్ని పొద్దులు వెళ్ళామో, ఎవరు మనకి ఇంకా ఎన్ని బాకీయో ఆడవాళ్ళ నోటి లెక్కలో ఉండేది. ఆ లెక్క తప్పగా చూసినవాళ్ళు లేరు.

కిలో నూలుకి పావుకిలో లోపు బియ్యం సరిపోతుంది. రాత్రి నానబోసి, మెత్తగా రుబ్బి, ఎసట్లో పోసి కలియబెడుతూ ఉడికించాలి. గడ్డ కట్టిందంటే ఆ గడ్డ పోగుల మధ్య ఇరుక్కుని అక్కడ నాలుగైదు పోగులు అంటుకుపోతాయి, అందుకే చల్లారాక పాతగుడ్డలో వడకట్టేవాళ్ళు. చిక్కదనం చూడటానికి రెండు వేళ్ళు ముంచి విడదీస్తారు. వేళ్ళ మధ్య తీగ సాగితే ఇంకా నీళ్ళు పడాలి, నీళ్ళలా జారిపోతే పిండి తక్కువైనట్టు. చిక్కనైన గంజి పడితే పోగు బిరుసెక్కి మగ్గం మీద పుల్లలా విరుగుతుంది. పలచనైతే నూగు లేచి, నేసిన పోగుని బిగించే పలక కొట్టిన ప్రతి దెబ్బకీ పక్క పోగుతో రాసుకుని తెగుతుంది. రెండు విధాలా నష్టం నేతగాడిదే. తెగిన పోగు వెతికి ముడివేసే వేళకి మజూరీ లేదు కదా.

నాలుగింటికల్లా పడుగు బయటికొచ్చేది. రెండు చివర్లా మోకులు బిగించి, మధ్యమధ్యలో వెదురు కర్రలు కత్తెరలా నిలబెట్టి వాటి మీద పరుస్తారు. పోగుల వరస తప్పకుండా అడ్డంగా సన్న కర్రలు దూర్చి ఉంటాయి. ఆ కర్రల్లో ఒకటి జారిపోయిందా, ఆ పొద్దంతా వరస వెతుక్కోవడంతోనే సరి. గంజి చల్లి చేత్తో అద్దుతూ ఒకరు నడుస్తారు. వెనకనే ఇద్దరు, పడుగుకి చెరో పక్క నిలబడి, బరువైన కుంచె పట్టుకుని ఒకే వైపుకి లాగుతూ దువ్వుతారు. ఎదురు దువ్వకూడదు, నూగు లేస్తుంది. ఇద్దరి అడుగూ ఒకటిగా పడాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే కుంచె ఏటవాలుగా పడి పోగుల్ని ఒక పక్కకి తోసేస్తుంది. ఒక వైపు అయ్యాక పడుగు తిరగేసి రెండో వైపు. చివర్లో కుంచెకి కాస్త నూనె రాసి ఒకసారి తేలిగ్గా దువ్వితే నూలు నున్నగా మెరుస్తుంది.

ఇదంతా ఎండ ముదరకముందే కావాలి. పొద్దెక్కితే కుంచె వచ్చేలోపే గంజి ఆరిపోయి పోగులు పట్టీల్లా అతుక్కుంటాయి. అందుకని ఎనిమిదింటికల్లా పడుగు చుట్టేసేవాళ్ళు. ఆ వేళ దాకా ఆ వీధిలోకి బండి రాదు, సైకిల్ దిగి గోడవారగా నడిపించుకుపోతారు. బడికెళ్ళే పిల్లలు పడుగు కింద నుంచి వంగి పోతుంటే "తల తగలనీకండ్రా!" అని ఆ చివర్నుంచీ కేక.

కనీసం ఆరుగురు లేనిదే ఈ పని జరగదు. ఒక ఇంట్లో ఆరుగురు పనివాళ్ళు ఎక్కడుంటారు?

*

పడుగు ఇంట్లోకి వచ్చాక అతుకు. పాత పడుగు చివర్లు అచ్చులోనే, అంటే పోగుల్ని ఎత్తి దించే నూలు కళ్ళలోనే, ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగునీ పాత పోగుతో మెలిపెట్టి కలపాలి. అంగుళానికి 64 పోగులు, 47 అంగుళాల పన్నా అనుకుంటే మూడు వేలకి పైనే. వేలికి కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక మెలి, వెనక్కి మడిచి ఇంకో మెలి. ముడి కాదు, ముడి వేస్తే, పోగులు దూరే దువ్వెనలాంటి పన్నె సందులో పట్టదు. చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే పొద్దున మొదలుపెట్టి దీపాల వేళకి ముగించేవాళ్ళు. ఒక్క పోగు వరస తప్పితే చీర పొడవునా గీత కనిపిస్తుంది. నూలిచ్చి నేయించే షావుకారు దగ్గర దానికి కోత.

ఇక కండెలు. రాట్నం మీద కండెలు, అంటే మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే నూలు చుట్టలు, చుట్టే పని ముసలివాళ్ళది, బడి నుంచి వచ్చిన పిల్లలది. చీర పేకకి, అంటే అడ్డం పోగుకి, ఎంత నూలు పడుతుందో పిల్లలకి కూడా నోటికే వచ్చేది. అంగుళానికి 60 పేకలు, ఆరు గజాలంటే 216 అంగుళాలు, అంటే నాడె దాదాపు పదమూడు వేల సార్లు అటూ ఇటూ పోవాలి. చిలప అనే నూలు కట్ట 840 గజాలు కనుక ఒక్క చీర పేకకి ఇరవై చిలపలు చాలవు, ఇంకాస్త పడుతుంది. 80 కౌంటు నూలైతే 80 చిలపలు ఒక పౌను తూగుతాయి, పౌనుకి 454 గ్రాములు. అంటే పేక బరువు 114 గ్రాముల దాకా. బడిలో లెక్కల మాస్టారు గజాలూ పౌన్లూ చెప్పబోతే వెనక బెంచీలో కూర్చున్నవాడే ముందు జవాబు చెప్పేవాడు.

కండె వదులుగా చుడితే నాడె ఆగిన ప్రతిసారీ నూలు కుప్పగా జారి చిక్కుపడుతుంది. మరీ బిగిస్తే పేక లాగి, చీర అంచు లోపలికి గుంజుకుపోతుంది. వేళ్ళ మధ్య తడిగుడ్డ పెట్టి నూలుని ఒకే బిగువున వదలడమే అందులోని పనితనం. దిక్కులేని ఒక ముసలావిడ ఉంటే ఆ వీధిలో ఇంటికి నాలుగైదు చిలపలు ఆవిడకి చేరేవి, ఇంట్లో పిల్లలు ఖాళీగా ఉన్నా సరే. మామ్మ చుట్టిన కండె జారదని ఒక పేరు పెట్టి ఇచ్చేవాళ్ళు. నిజానికి చూపు తగ్గాక ఆవిడ కండెలు జారేవి, మళ్ళీ చుట్టుకునేవాళ్ళు. పింఛన్లు ఇంటింటికీ రాని రోజుల సంగతి ఇది.

*

ఇంత మంది చెయ్యి పడిన పడుగు మీద లాభమెవరిది అంటే, నూలు ఎవరిదో వాళ్ళది. షావుకారు నూలు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకుంటాడు, మధ్యలో తరుగు కింద కొంత వదిలేస్తాడు. తూకం తగ్గితే మజూరీలో కోత. తూకం సరిపెట్టడానికి గంజి దట్టంగా పట్టించేవాళ్ళూ లేకపోలేదు. అది పట్టుకోవడానికి గుమాస్తా గోరుతో బట్ట గీరి చూసేవాడు, తెల్లటి పొడి రాలితే అయిపోయినట్టే. అటువైపు మోసం లేదని కాదు. చెమ్మ తగిలేలా ఉంచిన నూలు తూకంలో ఎక్కువ చూపిస్తుంది, ఇంటికొచ్చి ఆరాక చిలపకి చిలప తేలికవుతుంది. రెండు కాటాల మధ్య ఆట అది.

సహకార సంఘంలో నేసేవాళ్ళకి కొంత నయం. మజూరీలో రూపాయికి ఎనిమిది పైసలు పొదుపు కింద పట్టుకుంటే, ప్రభుత్వాలు ఇంకో ఎనిమిది కలిపేవి. సంఘం గోదాములో చీరలు పేరుకుపోయి, రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కొన్న సరుకుకి డబ్బు రాకపోతే మాత్రం సంఘం మగ్గాలే ముందు ఆగేవి.

మగ్గం ఆగడానికి ఊరికి సంబంధం లేని కారణాలు ఉండేవి. చేతిమగ్గానికి చిలపల నూలే కావాలి. మిల్లుకి చిలప చుట్టడం కన్నా కోన్ చుట్టడం సుఖం. అందుకే మిల్లులు ఇంత వంతు నూలు చిలపల్లోనే ఇవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది, చిలప నూలుకి ఎక్సైజు మినహాయింపూ ఇచ్చింది. ఆ మినహాయింపే కొంప ముంచింది. పన్నులేని నూలు కదా అని చిలపలు మరమగ్గాల దారి పట్టాయి. చేతిమగ్గాలకే ప్రత్యేకించిన రకాలంటూ 1985లో చట్టం వచ్చింది, మొదట 22 రకాలు, తరవాత అవి 11 అయ్యాయి. ఆ 11 కూడా మరమగ్గం మీద నేసి అంగట్లో పెడుతుంటే అడిగినవాడు లేడు. నిడుబ్రోలులో పుట్టి చీరాల కేంద్రంగా చేనేతవాళ్ళ కోసం జీవితమంతా పోరాడిన ప్రగడ కోటయ్యగారు ఎక్కడ మాట్లాడినా నూలు ధర దగ్గరికే వచ్చేవారట. ఆయన పేరుతో వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది.

1991లో నూలు ధర ఎగబాకింది. చీర ధర దానితో పాటు పెరగలేదు. షావుకారు కూడా నూలు అరువుకి తెచ్చేవాడే, అందుకని ముందు మగ్గాలు తగ్గించాడు. మొదట ఆపేది ముసలివాళ్ళ మగ్గాలు, ఆ తరవాత బాకీ ఎక్కువ ఉన్నవాళ్ళవి. ప్రకాశం, గుంటూరు జిల్లాల చేనేత ఊళ్ళలో ఆకలిచావుల వార్తలు పత్రికల్లో వచ్చాయి, గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. వీధిలో మగ్గాల చప్పుడు కూడా పలచబడింది. చెవి ఉన్నవాళ్ళకి ఎవరి మగ్గం ఆగిందో తెలిసిపోయేది. పలక దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు కదా.

*

పడుగు పంచుకోవడం ఆ రోజుల్లోనే చూశాం. ఒక ఇంటికి ఎనిమిది చీరల పడుగు వచ్చి, ఎదురింట్లో మగ్గం ఖాళీగా ఉంటే మధ్యకి కోసి నాలుగు చీరలు అటిచ్చేవాళ్ళు. చెప్పినంత తేలిక కాదు. మగ్గం మీద పడుగు చివర గజం దాకా నేతకి అందదు, అతుకులకే పోతుంది. ఒక పడుగుని రెండు చేస్తే ఆ గజం నష్టం రెండు సార్లు, అతుకు పనీ రెండు సార్లు. పైగా షావుకారుకి తెలియకూడదు. లెక్క అప్పజెప్పేటప్పుడు రెండు చేతుల నేత ఒకటిగా కనపడాలని పేకల బిగువు ముందే చూసుకునేవాళ్ళు. అయినా ఎవరి పలక దెబ్బ వాళ్ళదే, బట్ట ముట్టుకున్న గుమాస్తాకి తెలియకుండా ఉంటుందా. చాలాసార్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అతనిదీ ఆ వీధే.

బియ్యం సంగతి చెప్పాలి. ఇంట్లో రెండు గిద్దెల బియ్యమే ఉంటే ముందు పడుగుకే. పడుగు గంజి తాగకపోతే చీర లేదు, చీర లేకపోతే వచ్చే వారం ఇంట్లో గంజి కూడా లేదు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పొట్టకే కాదు, పడుగుకీ పనికొచ్చింది. బాగా గడ్డుగా ఉన్నప్పుడు బదులుకి వచ్చినవాళ్ళు ఎవరింటి పడుగుకి వాళ్ళే బియ్యం తెచ్చుకోమనకుండా, ఇంటికి పిడికెడు చొప్పున పోసి ఒకే పెద్ద గిన్నెలో గంజి కాచేవాళ్ళు. రెండు పడుగులకి ఒకే గంజి కాస్తే కట్టెలూ కలిసొచ్చేవి.

ప్రభుత్వం చవకగా అమ్మించే జనతా చీరలూ ధోవతులూ ఉన్నన్నాళ్ళు కాస్త ఊపిరాడింది. ముతక నూలు, తక్కువ మజూరీ. సన్న నేత నేసిన చేతికి చిన్నతనంగానే ఉండేది. అయినా పని ఆగేది కాదు. నైజీరియాకి పోయే గళ్ళ రుమాళ్ళు నేసే ఇళ్ళకి ఆ దేశపు కొనుగోళ్ళు ఆగితే ఇక్కడ మగ్గం ఆగేది. అట్లాసులో ఆ దేశం ఎక్కడుందో పిల్లలు వెతికి పట్టుకునేవాళ్ళు.

మగ్గం లేని రోజుల్లో మగవాళ్ళు చీరాలలో ఇళ్ళ పనులకి, ఆడవాళ్ళు వేటపాలెం జీడిపప్పు కొట్టాలకి. గింజని ఆవిరి పట్టి, కత్తెర మిషను కింద ఒక్కోటీ పెట్టి చీల్చి పప్పు తీయాలి. పెంకులో నూనె చేతికి తగిలితే చర్మం కాలి ఊడుతుంది, అందుకని ఆముదమో బూడిదో పట్టించుకుని కూర్చునేవాళ్ళు. కూలీ పప్పు తూకం మీద, ముక్కలైతే తక్కువ. ఇక్కడొక చిక్కు ఉంది. జీడి పనికి వెళ్ళిన వేళ్ళు గరుకు తేలి, 80 కౌంటు పోగుని పట్టుకుంటే చర్మపు పొలుసుకి తగులుకుని తెగిపోతుంది. తెల్ల నూలు మీద జీడి మరక పడితే చాకిరేవులో కూడా పోదు. అందుకే ప్రతి ఇంట్లో ఒకళ్ళని, బాగా అతుకు చేసే మనిషిని, జీడికి పంపకుండా ఆపేవాళ్ళు. వీధిలో అలాంటి చేతులు అయిదారు మిగిలేలా చూసుకునేవాళ్ళు. ఆ ఇళ్ళకి ఆదాయం తగ్గేది గనుక జీడికి వెళ్ళినవాళ్ళు చెల్లించే చేబదులు వాళ్ళకే ముందు. రేపు పడుగు వస్తే అందరికీ ఆ వేళ్ళే దిక్కు.

వాడరేవు నుంచి ఎండుచేపల గంపలతో వచ్చేవాళ్ళు డబ్బు అడిగేవాళ్ళు కాదు. లుంగీ ముక్క, తువ్వాలు, మరక పడి షావుకారు తిప్పికొట్టిన పంచె, ఏదైనా సరే. సముద్రం మీద వేట లేని రోజుల్లో ఇదే లెక్క తిరగబడి, ముందు బట్ట పోయేది, చేపలు తరవాత వచ్చేవి.

*

వానాకాలం గురించి అడిగితే ప్రతి చేనేత ఇంటివాళ్ళూ గుంట గురించే చెబుతారు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట రెండున్నర, మూడు అడుగుల లోతు. ఇసక నేల, పక్కనే సముద్రం, నాలుగు వానలు పడితే నీళ్ళు పైనుంచి కాదు, అడుగునుంచి ఊరతాయి. చెంబులతో తోడితే గంటకి మళ్ళీ అంతే. గుంటలో నీళ్ళుంటే ఆ చెమ్మకి గంజి మెత్తబడి పోగులు జిగటగా అంటుకుంటాయి. అచ్చు నూలు కళ్ళు బూజు పట్టి పుటుక్కుమంటాయి. ఇనప పన్నె అయితే తుప్పు పట్టి ప్రతి పేకతో బట్ట మీద గోధుమ రంగు గీత వేస్తుంది. పన్నెకి నూనె గుడ్డ చుట్టి ఉంచడం, పడుగు కింద బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెట్టడం, ఇవే తెలిసిన ఉపాయాలు. కుంపటి దగ్గర ఒక మనిషి కాపలా ఉండాల్సిందే, నిప్పురవ్వ ఎగిరితే మూడు వేల పోగులు పోతాయి.

1977 నవంబరు 19న వచ్చిన తుఫాను చీరాల దగ్గరే తీరం దాటింది. దివిసీమ ఉప్పెన అంటే అందరికీ తెలుసు. ఇటువైపు గుంటలు మట్టితో పూడిపోయి, గోడ కూలిన ఇళ్ళలో పలకలు, పన్నెలు విరిగి, ఒక మగ్గం సామాను ఇంకో మగ్గంలో కలిసిపోయిన సంగతి పెద్దవాళ్ళు చెబితే విన్నదే. ముందు గట్టు మీదున్న ఇళ్ళ మగ్గాలు సరిచేసుకుని, వాటి మీదే పూటకి ఒకరు చొప్పున రెండిళ్ళవాళ్ళు నేశారని చెప్పేవాళ్ళు. పొద్దుటి మనిషికీ సాయంత్రం మనిషికీ కాళ్ళ పొడవు తేడా అయితే తొక్కుడు చెక్కల తాళ్ళు రోజుకి రెండుసార్లు ముడి మార్చాలి, అదొక విసుగు.

పని లేని మధ్యాహ్నాలు కొందరు వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళేవాళ్ళు. 1918లో మొదలైన గ్రంథాలయం అది, గాంధీగారు 1929లో శంకుస్థాపన చేసిన భవనం. చదువు రానివాళ్ళు కూడా వెళ్ళేవాళ్ళు. ఒకరు పత్రిక పైకి చదువుతుంటే పదిమంది వినడం అక్కడ మామూలు. కథలూ సీరియళ్ళూ తరవాత, ముందు నూలు ధర.

*

ఇప్పుడు మిషను మీద గంజి పెట్టి బీము దుంగ మీద చుట్టిన పడుగు ఆటోలో వస్తుంది. కుప్పడం చీరలు నేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, డిజైన్లు నేసే జకార్డు పెట్టెలు పెట్టారు, ధరా కాస్త పలుకుతుంది. 2015 నుంచి ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుతున్నారు, ఆ రోజు సన్మానాలూ శాలువాలూ. మిషను గంజి నాసి అని పాతవాళ్ళు అంటారు గానీ నేను ఒప్పుకోను. మిషను గంజి సమంగా పడుతుంది, వానలోనూ ఆరుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి లేచి నడుం పడిపోయేలా కుంచె లాగే బాధ ఎవరికీ లేదు. ఆ పని మళ్ళీ రావాలని కోరుకునేవాళ్ళు ఆ కుంచె పట్టి ఉండరు.

కాకపోతే బీముకి రొక్కం కట్టాలి. చేతిలో డబ్బు లేనప్పుడు ఇదివరకు బదులు చేసి పడుగు సిద్ధం చేసుకునేవాళ్ళు, ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. ఎదురింటాయన రొయ్యల కంపెనీకో సెక్యూరిటీ పనికో పోతే అతని మగ్గం గుంట పూడ్చి పైన టైల్స్ వేయించారు. ఉన్న ఒకటి రెండు మగ్గాలవాళ్ళు అతుకు మనిషి కోసం ఊళ్ళు తిరుగుతున్నారు. రోజుకి ఇంత అని ముందే మాట్లాడుకుని, బస్సు ఛార్జీ ఇచ్చి పిలిపిస్తున్నారు. వచ్చేదీ ఒకప్పటి అయిదారు చేతుల్లో మిగిలిన ఒక చెయ్యే. ఆవిడ రాగానే అడిగేది కూడా అదే మాట: "బూడిద ఉందామ్మా ఇంట్లో? గ్యాసు పొయ్యిలవాళ్ళు కదా, లేకపోతే నేనే తెచ్చుకునేదాన్ని."